చిన్నీ, ఇటాలియన్ ఇలా మొదలుపెట్టు

చిన్నీ,

ఇటలీలోని తొరినోలో సీటొచ్చిందని అక్క చెప్పింది, చాలా సంతోషంగా ఉంది. క్లాసులు ఇంగ్లిష్‌లోనే కదా, ఇటాలియన్ ఎందుకు అన్నావట. క్లాసు వరకూ సరే, మరి కూరగాయల కొట్లో, డాక్టర్ దగ్గర, ఇంటి ఓనర్‌తో ఏం చేస్తావే?

వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు, ముందు మర్యాద నేర్చుకో. అందరికీ "చావ్" అనెయ్యకు, అది చనువున్న వాళ్ల మధ్య మాట. కొట్లో అడుగు పెట్టగానే "బువొంజోర్నో", సాయంత్రమైతే "బువొనసేరా" అను. మనకి నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకి "తూ", "లేయి" ఉన్నాయి. ఫ్రెండ్‌ని క్షమించమనాలంటే "స్కూజా", పెద్దావిడనైతే "స్కూజి". నేను ఇటలీ వెళ్లిన కొత్తలో డెబ్బై ఏళ్ల ఇంటి ఓనరమ్మని పట్టుకుని తూ అనేశాను, ఆవిడ పైకి ఏమీ అనలేదు గానీ మొహం ముడుచుకుపోయింది, తప్పేమిటో తెలిశాక నాకు చాలా బాధేసింది. రెండేళ్లకి ఆవిడే "దియామొచి దెల్ తూ" అంది, అంటే ఇక నువ్వు అనే పిలుచుకుందామని. ఆ మాట పెద్దవాళ్ల నోట్లోంచి వచ్చేదాకా ఆగు.

పలకడంలో మనకి కష్టం లేదు, మన మాటల్లాగే వాళ్లవీ ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. ఒత్తు మాత్రం మింగకు. "సెతె" అంటే దాహం, "సెత్తె" అంటే ఏడు. కల, కల్ల తేడా తెలిసిన దానివి, నీకు చెప్పాలా!

రోజూ పొద్దున్న ఒకే బార్‌కి వెళ్లు (కంగారు పడకు, అక్కడ కాఫీ కొట్టుని అలాగే అంటారు). కొన్నిచోట్ల ముందు డబ్బు కట్టి రసీదు తీసుకోవాలి. కౌంటర్ దగ్గర నిలబడి "ఉన్ కఫ్ఫే, పెర్ ఫవోరే" అను. అవతలాయన "ప్రేగో" అంటాడు. చెప్పండి అన్నా, తీసుకోండి అన్నా, థాంక్స్‌కి బదులన్నా అదే మాట, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. పక్కవాళ్ల కబుర్లు కూడా విను. భుజాలు ఎగరేసి "బో" అంటే మన "ఏమో". సెలవుల్లో సముద్రానికి వెళ్తున్నావా అని అడిగితే "మగారి!" అంటారు, అంత భాగ్యమా అని. ఎవరింటికైనా వెళ్తే, వాళ్లే తలుపు తీసి రమ్మన్నా సరే, గడప దగ్గర "పెర్మెస్సో" అని అడుగు పెట్టు. పరీక్ష ముందు ఎవరైనా "ఇన్ బొక్కా అల్ లూపో" అంటే, తోడేలు నోట్లోకి అని అర్థమైనా, అది ఆల్ ది బెస్టే, "క్రేపి" అని బదులివ్వు.

తప్పులకి భయపడి ఇంగ్లిష్‌లోకి పారిపోకు తల్లీ. ఆదివారం ఫోన్ చెయ్యి. ఎత్తగానే నేను "ప్రోంతో" అంటాను, అక్కణ్నుంచి అరగంట తెలుగూ వద్దు, ఇంగ్లిషూ వద్దు.

మీ పిన్ని