రేడాన్ ప్రాజెక్ట్ తీసుకుంటే అమ్మాయి కెరీర్ ఏమవుతుంది?

సార్, మీ అమ్మాయి ఎంఎస్సీ ఫిజిక్స్ చేస్తూ యాక్టివ్ ఫాల్ట్ (భూమి లోపల రాయి పగిలి ఇంకా కదులుతున్న చోటు) మీద మట్టిలో రేడాన్ అనే రేడియోధార్మిక గ్యాస్ కొలిచే ప్రాజెక్ట్ తీసుకుంటానంటోంది, దాంతో భూకంపం ముందే చెప్పేయొచ్చంటోంది, ఇందులో ఉద్యోగాలుంటాయా, రేడియేషన్ ప్రమాదం లేదా అని అడిగారు కదా.

ముందు ఆ "ముందే చెప్పేయొచ్చు" సంగతి తేల్చేద్దాం, ఆ ఆశతోనే వెళ్తే ఏడాది తిరక్కుండా నీరసం వచ్చేస్తుంది. 1966 తాష్కెంట్ భూకంపానికి ముందు బావి నీళ్లలో రేడాన్ పెరిగిందని రిపోర్టులున్నాయి, 1995లో జపాన్‌లోని కోబె భూకంపానికి ముందు కూడా భూగర్భ జలాల్లో పెరిగింది, కానీ పెరిగినా ఏమీ రాని సందర్భాలున్నాయి, పెరక్కుండానే భూమి ఊగిన సందర్భాలూ ఉన్నాయి, కాబట్టి తేదీ చెప్పేంత నమ్మకమైన పద్ధతి ఇప్పటికీ లేదు.

అయితే ఫాల్ట్ ఎక్కడుందో పట్టుకోవడానికి మాత్రం ఇది బాగా పనికొస్తుంది. పైన మట్టి కప్పేసి ఏమీ కనబడకపోయినా కింద రాయి పగిలిన చోట గ్యాస్ తేలిగ్గా పైకొస్తుంది, ఫాల్ట్‌కి అడ్డంగా వరసగా కొలుచుకుంటూ పోతే చాలాసార్లు అక్కడ రీడింగ్ లేస్తుంది. అన్ని ఫాల్టుల మీదా లేవదు లెండి, లోపల బంకమట్టి పూడుకుపోతే గ్యాస్‌కి దారే ఉండదు.

ఫీల్డ్‌లో పని ఎలా ఉంటుందంటే, బోలు రాడ్డుని సుత్తితో 70, 80 సెంటీమీటర్లు దించి, చుట్టూ మట్టి బాగా తొక్కి, పంపుతో గ్యాస్ లాగాలి, తొక్కకపోతే పైగాలి కలిసిపోయి రీడింగ్ పడిపోతుంది. పైగా థోరాన్ అని రేడాన్‌లోనే ఇంకో రకం వస్తుంది, రేడాన్ హాఫ్ లైఫ్ (సగానికి తరిగిపోయే టైమ్) 3.8 రోజులైతే దీనిది 56 సెకన్లే, రెండిటినీ విడదీసి లెక్కేయాలి. ఇక వాన పడితే పైమట్టి తడిసి మూతేసినట్టవుతుంది, కింద రేడాన్ పెరుగుతుంది, కొత్తవాళ్లు దాన్ని చూసి భూకంపం సిగ్నల్ అనుకుని సంబరపడిపోతారు! వాన, గాలి ఒత్తిడి, టెంపరేచర్ ప్రభావాలు తీసేశాక మిగిలేదే అసలు డేటా, అమ్మాయికి అన్నం పెట్టేది కూడా ఈ డేటా పనే.

రేడియేషన్ గురించి అంత కంగారొద్దు. రేడాన్‌తో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మాట నిజమే, కానీ అది గాలి ఆడని గదుల్లో ఏళ్ల తరబడి పీల్చేవాళ్లకి ఎక్కువ, ఆరుబయట వెంటనే పలచబడిపోతుంది.

ఉద్యోగాలంటారా, అచ్చంగా ఈ ఒక్క పనికే పోస్టులు చాలా తక్కువ, పీహెచ్‌డీ చేసి రీసెర్చ్‌లో ఉండాల్సిందే. కానీ ఇళ్లలో రేడాన్ టెస్టింగ్, యురేనియం అన్వేషణ, జియోథర్మల్ (భూమి లోపలి వేడిని వాడుకునే పని), పర్యావరణ రేడియేషన్ మానిటరింగ్, వీటన్నిటికీ ఇదే స్కిల్ పనికొస్తుంది, పైథాన్, స్టాటిస్టిక్స్ గట్టిగా వస్తే వేరే లైన్లోకి కూడా మారొచ్చు.

ఒప్పుకునే ముందు గైడ్‌ని మూడు అడగమనండి: కొలిచే చోటే వాన, ఒత్తిడి కూడా రికార్డ్ చేస్తారా, కనీసం ఏడాది డేటా దొరుకుతుందా, టీమ్‌లో జియాలజిస్ట్ ఉన్నారా. మూడోదానికి లేదంటే మాత్రం వేరే ప్రాజెక్ట్ చూసుకోమనండి, రాళ్లు చదవగలిగే మనిషి లేకుండా ఆ గ్రాఫులు ఎవరికీ అర్థం కావు.