తోడున్న పంపే గొంతు నొక్కితే

ప్రశ్న: అణు విద్యుత్ కేంద్రాల్లో ఒక పంపు ఆగిపోయినా ఇంకోటి ఉంటుందని అత్యవసర పంపులు రెండేసి పెడతారు కదా. పక్కన నడిచే రెండో పంపే మొదటిదాన్ని పాడుచేసే డిజైన్ లోపం ఒకటి అమెరికాలో బయటపడిందని విన్నాను. రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి అయినప్పుడు అదెలా సాధ్యం?

జవాబు: సాధ్యమే. పైగా రెండూ ఒకేలా ఉండటం ఇక్కడ మనల్ని కాపాడదు.

ముందు ఈ పంపులు ఎప్పుడు నడుస్తాయో చూడండి. ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్‌లో, అంటే నీటిని మరగనివ్వకుండా ఎక్కువ ప్రెషర్‌లో ఉంచే రియాక్టర్‌లో, మామూలుగా నీటి ప్రెషర్ 155 బార్ల దగ్గర ఉంటుంది (ఒక బార్ అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ప్రెషర్). ఎక్కడైనా పైపు లీకైతే సేఫ్టీ సిగ్నల్ వస్తుంది, అన్ని రకాల అత్యవసర పంపులూ ఒకేసారి స్టార్ట్ అవుతాయి. వాటిలో తక్కువ ప్రెషర్ పంపులు 155 బార్లలో దాదాపు పదో వంతు మాత్రమే నెట్టగలవు. పెద్ద పైపు తెగితే ప్రెషర్ చటుక్కున పడిపోతుంది కాబట్టి వాటికి వెంటనే పని దొరుకుతుంది. చిన్న లీకైతే అలా కాదు. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో, ఎక్కువైన ప్రెషర్‌ని బయటికి వదిలే ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుని మళ్ళీ మూసుకోకపోవడం అలాంటి చిన్న లీకే. అలాంటప్పుడు ప్రెషర్ చాలాసేపు ఎక్కువగానే ఉంటుంది, ఈ పంపులు తిరుగుతూనే ఉంటాయి గానీ నీళ్ళు రియాక్టర్‌లోకి పోవు.

పంపు అలా ఊరికే తిరిగితే పాడవుతుంది కాబట్టి కొంచెం నీరు బయటికి పోయి మళ్ళీ వెనక్కి వచ్చేలా ఒక సన్న పైపు పెడతారు, దాన్నే మినీఫ్లో లైన్ అంటారు. లోపం ఉన్నది అక్కడే: కొన్ని కేంద్రాల్లో రెండు పంపులకీ కలిపి ఒకటే మినీఫ్లో లైన్ వేశారు.

ఒకే ఫ్యాక్టరీలో తయారైనా రెండు పంపులు అచ్చంగా ఒకేలా నెట్టవు, ఒకదాని ఇంపెల్లర్ (లోపల తిరుగుతూ నీటిని నెట్టే చక్రం) కాస్త ఎక్కువ అరిగి ఉండొచ్చు. ప్రవాహం ఎక్కువగా ఉన్నప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు, రెండూ పనిని ఇంచుమించు సమానంగా పంచుకుంటాయి. ప్రవాహం బాగా తగ్గినప్పుడు మాత్రం ఇలా చక్రం తిప్పి నీటిని నెట్టే సెంట్రిఫ్యూగల్ పంపు ఇచ్చే ప్రెషర్ దాదాపు మారకుండా ఉంటుంది, అంటే బలహీనమైన పంపు తన ప్రవాహాన్ని ఎంత తగ్గించుకున్నా రెండోదాని ప్రెషర్‌ని అందుకోలేదు. కొద్దిపాటి తేడా చాలు, బలమైన పంపు ఉమ్మడి పైపు మొత్తాన్నీ ఆక్రమిస్తుంది, రెండోదాని చెక్ వాల్వు (నీటిని ఒకవైపే పోనిచ్చే వాల్వు) మూసుకుపోతుంది. ఇక ఆ పంపులో ఉన్న నీరే అందులో తిరుగుతూ ఉంటుంది. అర్థం కావడానికి ఒక చిన్న లెక్క: 100 కిలోవాట్ల శక్తి 200 లీటర్ల నీటిలోకి వేడిగా దిగితే నిమిషానికి సుమారు 7 డిగ్రీలు పెరుగుతుంది. 30 డిగ్రీల నీరు పది నిమిషాల్లో 100కి చేరుతుంది. తర్వాత ఆవిరి పుడుతుంది, సీల్స్ పోతాయి, లోపలి భాగాలు ఒకదానికొకటి రాసుకుని పట్టేస్తాయి. కంట్రోల్ రూమ్‌లో మాత్రం ఆఖరి దాకా రెండు పంపులూ నడుస్తున్నట్టే లైట్లు వెలుగుతుంటాయి, నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. ఆ తర్వాత బలమైన పంపు కూడా ఏ కారణంతోనైనా ఆగితే, లీకైన రియాక్టర్‌కి ప్రెషర్ తగ్గాక నీళ్ళు పంపేవాళ్ళే ఉండరు.

ప్రశ్న: మూడు నెలలకోసారి పరీక్షలు చేస్తారట కదా, అప్పుడే ఎందుకు దొరకలేదు?

జవాబు: ఒక్కో పంపునీ విడిగా నడిపి చూస్తే ఇది దొరకదు. విడిగా ఉన్నప్పుడు ఏ పంపైనా ఉమ్మడి పైపును హాయిగా వాడుకుంటుంది, ప్రెషర్ బాగుంటుంది, వైబ్రేషన్ బాగుంటుంది, రికార్డులో పాస్ అని రాస్తారు. లోపం పంపులో లేదు, రెండూ కలిసే చోట ఉంది. అందుకే అమెరికా అణు నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ 1988 మేలో బులెటిన్ 88-04 పేరుతో ఇచ్చిన నోటీసులో, సేఫ్టీ పంపులు మినీఫ్లో మీద ఉన్నప్పుడు ఒకదాన్నొకటి అడ్డుకునే అవకాశం ఉందో లేదో అన్ని కేంద్రాలూ పరిశీలించి, ఉంటే సరిచేయాలని చెప్పింది. అదే నోటీసులో రెండో ప్రశ్న కూడా ఉంది: పంపు ఒక్కటే నడిచినా సరే, ఆ సన్న పైపులో పోయే నీరు దానికి సరిపోతుందా? పాత డిజైన్లలో నీరు వేడెక్కకుండా ఉంటే చాలనుకుని లెక్క వేశారు, పంపు మామూలు ప్రవాహంలో 5 నుంచి 15 శాతం సరిపోతుందన్నారు. అంత తక్కువలో ఇంపెల్లర్ దగ్గర నీరు సుడి తిరిగి వెనక్కి తన్నుతుంది, షాఫ్ట్ ఊగుతుంది, బేరింగులు దెబ్బతింటాయి. ఎక్కువసేపు నడపాలంటే అంతకన్నా బాగా ఎక్కువే ఉండాలని తర్వాత కొందరు తయారీదారులే చెప్పారు.

ప్రశ్న: ఇంకో చెక్ వాల్వు పెడితే సరిపోదా? ఇంత గొడవ ఎందుకు?

జవాబు: సరిపోదండి, చాలామందికి వచ్చే అనుమానమే ఇది. చెక్ వాల్వు నీరు వెనక్కి రాకుండా ఆపుతుంది, బలహీనమైన పంపు నీరు ముందుకు పోవడానికి దారి ఇవ్వదు. నిజమైన పరిష్కారం ఒక్కో పంపుకీ సొంత మినీఫ్లో లైన్, సొంత ఆరిఫిస్ (ప్రవాహాన్ని అదుపులో ఉంచే సన్న రంధ్రం) వేసి, ట్యాంకు దాకానో, ఒకదాని ప్రెషర్ ఇంకోదానికి తగలనంత పెద్ద పైపు దాకానో విడిగా తీసుకెళ్ళడం. అది అయ్యేలోపు తాత్కాలికంగా ఒక దారి ఉంది: రియాక్టర్ ప్రెషర్ తగ్గలేదని తేలగానే ఆపరేటర్ ఒక పంపును ఆపేసి, అవసరమైనప్పుడు మళ్ళీ స్టార్ట్ చేయాలని ప్రొసీజర్‌లో రాయడం. కొన్నాళ్ళకైతే సరే. దాన్నే శాశ్వతం చేయడం నాకు ససేమిరా నచ్చదు, ఎందుకంటే లీకైన మొదటి పది నిమిషాల్లో డజన్ల కొద్దీ అలారాలు మోగుతుంటాయి, ఆ టెన్షన్‌లో బాగానే నడుస్తున్నట్టు కనిపించే పంపును గుర్తుపెట్టుకుని ఆపమనడం మనిషి మీద మోపకూడని భారం. పైపు చేయాల్సిన పని పైపుతోనే చేయించాలి.

ప్రశ్న: నేను ఫ్యాక్టరీలో బాయిలర్ ఫీడ్ పంపులు చూస్తాను. మాకూ రెండు పంపులకి ఒకటే రీసర్క్యులేషన్ లైన్ (మీరు చెప్పిన మినీఫ్లో లైన్ లాంటిదే) ఉంది. భయపడాలా?

జవాబు: భయం కాదు గానీ చూసుకోవాలి. రెండు పంపులూ కలిసి తక్కువ లోడ్ మీద నడిచే సందర్భం ఎప్పుడైనా వస్తుందా? పంపులు మార్చేటప్పుడు కాసేపు రెండూ ఆన్‌లో ఉంటాయి చూడండి, అదీ లెక్కే. పరీక్ష కన్నా ముందు డ్రాయింగ్ తీసి, రెండు లైన్లు ఎక్కడ కలుస్తున్నాయి, ఆరిఫిస్ కలిసే చోటుకి ముందుందా తర్వాతుందా అని వేలితో గీస్తూ వెళ్ళండి. కలిసిన తర్వాత ఒక్కటే ఆరిఫిస్ ఉంటే మీదీ ఇదే సమస్య. ఆ పైన తయారీదారుని కనీస ప్రవాహం ఎంత ఉండాలి, అంత ప్రవాహం మీద ఎన్ని నిమిషాలు నడపొచ్చు అని రాతపూర్వకంగా అడగండి, నిమిషాల సంగతి చెప్పకుండా ప్రవాహం ఒక్కటే చెబితే మళ్ళీ అడగండి. ఈలోపు రెండు పంపుల కేసింగ్‌ల మీదా టెంపరేచర్ చూసే ఏర్పాటు పెట్టించండి.