కాలిన మెటాడోర్‌కి ఖర్చు ఎక్కడ పెట్టాలి?

మంచం, వంటగట్టు కట్టించుకుని ఊళ్లు తిరిగే పాత వ్యాన్లు కాలిపోతే తక్కువ ఖర్చులో ఎలా బాగుచేసుకోవాలని గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మాది 1988 నాటి మెటాడోర్. పొయ్యి దగ్గర నిప్పంటుకుని వెనక సగం కాలింది. ఇంజిన్ దాకా మంట రాలేదు. చేతిలో లక్షన్నర ఉంది. బాగు చేయించమంటారా, తుక్కుకి ఇచ్చేయమంటారా? – పర్లాకిమిడి

ముందు కొలతలు తీయండి, తుక్కు మాట తర్వాత. బండిని చదునైన గచ్చు మీద నిలపండి. అడుగు చట్రానికి నాలుగు మూలలా, రెండు పక్కలా జతగా ఉండే బోల్టు రంధ్రాల నుంచి మేస్త్రీల గుండుదారం వేలాడదీసి నేలమీద సుద్దతో గుర్తులు పెట్టండి. బండి పక్కకు తీసి ఆ గుర్తుల మధ్య ఐమూలగా రెండు కొలతలూ తీయండి. తేడా ఐదారు మిల్లీమీటర్లలోపు ఉంటే చట్రం సరిగ్గానే ఉంది. పదిహేను దాటితే లక్షన్నరలో తేలే పని కాదు. ఇంజిన్, గేరుబాక్సు, ఇరుసులు విడిగా అమ్ముకోవడం మేలు.

తర్వాత వేడి ఎంతదాకా పోయిందో చూడాలి. దానికి యంత్రాలక్కర్లేదు, బండిలోనే ఆనవాళ్లుంటాయి. తీగల అతుకుల్లో టంకం కరిగిందంటే అక్కడ 183 డిగ్రీలు దాటినట్టు. కిటికీల అల్యూమినియం చట్రాలు బొట్లుబొట్లుగా కారి గడ్డకట్టాయంటే సుమారు 660 దాటినట్టు. రంగు మాడినా కింద ప్రైమర్ పొర మిగిలి ఉంటే ఆ రేకుకి పెద్దగా ఏమీ కాలేదు.

మామూలు మెత్తటి ఉక్కు వేడిలో బలం కోల్పోయినా చల్లారాక చాలావరకు తిరిగి పుంజుకుంటుంది. అందుకే వంగిన రేకుని చూసి బెదరొద్దు. బండి బరువు మోసే కమాన్ పట్టీల (స్ప్రింగు పట్టీల) సంగతి వేరు. వాటికి బలం వచ్చిందే గట్టిపరిచి, కొలిచిన వేడిలో పదును పెట్టడం వల్ల. మంట ఆ పదును తీసేస్తే పట్టీ చూడ్డానికి నిక్షేపంగానే ఉంటుంది, బరువు పడగానే కూర్చుండిపోతుంది. ఇరుసు మధ్య నుంచి చక్రం పైనున్న అంచు దాకా రెండు వైపులా కొలవండి. తేడా అర అంగుళం దాటినా, ఆ దగ్గర్లో అల్యూమినియం కరిగి కనిపించినా, రెండు వైపులా పట్టీలు మార్చాల్సిందే. యూ బోల్టులు, గట్టిరకం బోల్టులు అన్నిటికీ ఇదే లెక్క. టైర్లు, బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్ రబ్బర్లు మంటకి దగ్గర్లో ఉన్నవైతే పరీక్ష కూడా అనవసరం, పారేయండి.

డబ్బులో సగానికి పైగా కమాన్లు, బ్రేకులు, టైర్లు, వైరింగుకే కేటాయించండి. మిగిలింది రేకు పనికి, రంగుకి. మంచం, అరలు, పరుపు చిట్టచివర. చాలామంది తిరగేసి చేస్తారు: ముందు తళతళలాడే రంగు, ఆ తర్వాత అప్పు. చౌక భాగాలకు గాజువాక ఆటోనగర్, విజయవాడ ఆటోనగర్ చూడండి. తలుపులు, బంపర్లు, సీట్ల చట్రాలు పాతవి కొనొచ్చు. బ్రేకు రబ్బర్లు మాత్రం ఎంత చౌకగా వచ్చినా పాతవి వద్దు.

ప్రశ్న: మంట చిన్నదే, పొడి చల్లి ఆర్పేశాం. కానీ బండంతా మసి, వాసన. నెల తిరక్కుండానే కాలని చోట కూడా తుప్పు లేస్తోంది, ఎందుకు? – రాయగడ

కారణాలు రెండు. వైర్ల మీది పీవీసీ కాలినప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది, అది మసితో కలిసి రేకుకి పట్టుకుంటుంది. మీరు చల్లినది ఏబీసీ రకం పొడి అయితే అందులో ఉండేది అమ్మోనియం ఫాస్ఫేటు, చెమ్మ తగిలితే అదీ తినేస్తుంది. వానాకాలపు గాలి చాలు, నీళ్లు పోయక్కర్లేదు. మంట తాకిన చోటు మీ కంటికి కనబడుతుంది. పొగ తాకిన చోటు నెలల తరబడి లోపల్లోపల పనిచేస్తూ ఉంటుంది.

నీళ్లు పోయకముందు పొడిని, మసిని పొడిగానే తీయాలి. వాక్యూమ్ యంత్రం అద్దెకు తెచ్చుకోండి. తడిబట్టతో మొదలెడితే మసి ముద్దయి సందుల్లోకి దిగుతుంది. తర్వాత పది లీటర్ల నీళ్లకి అరకిలో వంటసోడా కలిపి స్పాంజితో తుడవండి, పావుగంట ఉంచి మంచినీళ్లతో కడగండి. చాకలిసోడా వాడొద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది. కడిగిన రేకు మీద తడి పీహెచ్ కాగితం (ఆమ్లం ఉందో లేదో రంగు మారి చెప్పేది) అద్ది చూడండి. 7 దగ్గర వస్తే చాలు, ఎర్రబారితే మళ్లీ కడగాలి. తలుపుల అడుగున, గుల్ల దూలాల్లో నీళ్లు నిలిచే చోట్లు మర్చిపోకండి. నీళ్లు దిగే రంధ్రాలు సన్నకమ్మీతో పొడిచి తెరవండి. అదే రోజు ఎండలో ఆరబెట్టి, గీతలు పడ్డ చోట ప్రైమర్ పూసేయండి.

ఒక హెచ్చరిక. ఆయిల్ సీళ్లు, ఇంధన గొట్టాలు కాలిన చోట నల్లగా, తారులా జిగటగా కనబడితే వట్టి చేత్తో ముట్టుకోవద్దు. వైటాన్ రకం రబ్బరు అతి వేడికి కాలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మిగులుతుంది. అది చర్మం దాటి ఎముక దాకా పోతుంది, నొప్పి గంటల తర్వాత మొదలవచ్చు. మందపాటి రబ్బరు తొడుగులు వేసుకుని ముందు సున్నపుతేటతో కడగండి. చర్మానికి అంటితే ధారగా నీళ్లు పోసి వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈ ఆమ్లం పేరే చెప్పండి. దానికి కాల్షియం గ్లూకోనేట్ లేపనం వాడతారు.

వాసన సంగతి: ఫోము, గుడ్డలు, గాజుదూది ఎంత ఉతికినా వదలదు, తీసి పారేయండి. కాలని ప్లైవుడ్ ఉంచుకోవాలంటే లీటరు స్పిరిట్‌లో పావుకిలో లక్కరేకులు రాత్రంతా నానబెట్టి రెండు పూతలు వేయండి. లక్క వాసనని లోపలే బిగించేస్తుంది. తలుపులన్నీ తెరిచి, చుట్టుపక్కల నిప్పు లేకుండా పూయండి. రేకు మీద లక్క వద్దు, ఎపాక్సీ ప్రైమరే.

ప్రశ్న: పైకప్పు రేకు ఉబ్బి, నొక్కితే టపటపమంటోంది. పుట్టీతో సరిచేస్తానని టింకర్ (రేకు పని మేస్త్రీ) అంటున్నాడు. ఇంటి కప్పుకి వేసే జీఐ (జింకు పూత) రేకు అతికితే చౌక కదా? – బరంపురం

రెండూ వద్దు. టపటపమంటోందంటే రేకు సాగిపోయిందని అర్థం. దానిమీద పుట్టీ వేస్తే బండి కదిలిన ప్రతిసారీ రేకు ఎగిరి, మొదటి వానాకాలానికే పుట్టీ పెచ్చులూడుతుంది. పుట్టీ మందం మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. జీఐ రేకు మీద వెల్డింగ్ పెడితే జింకు ఆవిరై అతుకు బుడగలు పడుతుంది, ఆ పొగ పీల్చిన మనిషికి ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది.

ఉబ్బు అరచేయంత ఉంటే వేడిచేసి తడిగుడ్డతో చల్లార్చి కుదించగల టింకర్లున్నారు. అంతకంటే పెద్దదైతే కోసేసి కొత్త సీఆర్ (కోల్డ్ రోల్డ్, పూత లేని ఉక్కు) రేకు వేయండి. కప్పుకి 20 గేజి, అంటే 0.9 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఎనిమిదడుగులకు నాలుగడుగుల రేకు ఇరవయ్యొక్క కిలోల దాకా తూగుతుంది, దుకాణంలో తూకం వేయించి మందం పోల్చుకోండి. అడుగు దూలాలకి అతికే చోట 18 గేజి తీసుకోండి.

మామూలు ఆర్క్ వెల్డింగ్ ఈ మందానికి రంధ్రాలు పెడుతుంది. 0.8 మిల్లీమీటర్ల తీగతో సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ వాయువు వదులుతూ చేసేది) చేసే షాపు వెతకండి. ముందు అక్కడక్కడా అరంగుళం మేర అతికించి, తర్వాత ఒక మూల అంగుళం, ఎదురు మూల అంగుళం, అలా చల్లారనిస్తూ చేయించండి. ఒక్క ధారగా లాగితే కొత్త రేకు కూడా ఉబ్బుతుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగలు, ఆల్టర్నేటర్ తీగలు ఊడదీయాలి. డీజిల్ ట్యాంకు దించాలి. లోపల తడి గోనెసంచి, బకెట్ నీళ్లు, ఒక మనిషి ఉండాలి. ఒకసారి కాలిన బండి షెడ్డులో మళ్లీ కాలేది ఇక్కడే.

రెడాక్సైడ్ ఒక్కటే పూసి నెలల తరబడి వదిలేయకండి, అది చెమ్మని ఆపదు. ఎపాక్సీ ప్రైమర్, దానిమీద పుట్టీ, మళ్లీ ప్రైమర్, ఆపైన రంగు. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి ఉంది కాబట్టి అతుకుల మీద సీలెంట్ తప్పనిసరి. రంగు పని నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి.

ప్రశ్న: వైరింగు సగమే కాలింది. కాలిన ముక్క కోసి కొత్తది అతికిస్తే సరిపోదా? లోపల లైట్లు, ఫ్యానుకి ఏ సైజు తీగ వాడాలి? – జయపురం

మాడిన చోటు నుంచి ఒక అడుగు వెనక్కి కోసి తోలు తీసి చూడండి. రాగి మెరుస్తుంటే అక్కడి నుంచి కొత్తది కలపొచ్చు. నల్లబడి, వంచితే పుటుక్కుమంటే ఇంకో అడుగు కోయండి. ఆమ్లం పోగుల మధ్య నుంచి లోపలికి పాకుతుంది. రెండడుగులు కోసినా నలుపే వస్తుంటే ఆ కట్ట మొత్తం మార్చండి. ఈ వయసు బండికి అదే నా సలహా, ఎందుకంటే కాలని సగంలో కూడా తోలు పెళుసైపోయి ఉంటుంది. అతుకులు లగ్గు (తీగ కొసకి తొడిగే లోహపు ముక్క) పెట్టి క్రింపింగ్, అంటే గట్టిగా నొక్కి బిగించడం, చేయించండి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు కుదుపులకి వదులై వేడెక్కుతుంది.

ఫ్యూజు తీగని కాపాడటానికి, బల్బుని కాదు. అది బ్యాటరీకి జానెడు దూరంలోపు ఉండాలి. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఉన్న తీగకి ఏ రక్షణా ఉండదు, రాసుకుపోయి చట్రానికి తగిలితే అక్కడే మంట. హెడ్‌లైట్లు రెండూ కలిపి పది ఆంపియర్ల దాకా లాగుతాయి కాబట్టి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి), 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. స్టార్టుకి ముందు డీజిల్ ఇంజిన్‌ని వేడిచేసే హీటర్ ప్లగ్‌ల తీగ చాలా ఎక్కువ కరెంటు మోస్తుంది, దాన్ని పాతదానికన్నా సన్నది వేయకండి.

తీగ మందానికి లెక్క ఇది: పోను రాను పొడవు మీటర్లలో, ఆంపియర్లతో గుణించి, 0.0175తో గుణించి, చదరపు మిల్లీమీటర్లతో భాగిస్తే ఎన్ని ఓల్టులు పోతాయో వస్తుంది. ఐదు మీటర్ల దూరంలో పది ఆంపియర్లు కావాలంటే పోను రాను పది మీటర్లు. 2.5 తీగలో 0.7 ఓల్టు పోతుంది, 6 తీగలో 0.3 లోపే. పన్నెండు ఓల్టుల్లో 0.7 అంటే ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. ఇళ్లకి వేసే ఒంటికమ్మీ తీగ బండికి పనికిరాదు, కుదుపులకి విరుగుతుంది. పోగుల తీగే తీసుకోండి.

బ్యాటరీ ఎంతదంటే: ఐదు వాట్ల లైట్లు మూడు ఐదు గంటలు, 24 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు, రెండు ఫోన్లు కలిపి రోజుకి 300 వాట్‌గంటలు, అంటే పన్నెండు ఓల్టుల దగ్గర 25 ఆంపియర్‌గంటలు. ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కనుక 60 ఆంపియర్‌గంటలది సరిపోతుంది. దాన్ని మూతపెట్టెలో ఉంచి గాలిగొట్టం బయటికి తీయండి. ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ మంచం కింద పోగుపడకూడదు. ఇంజిన్ బ్యాటరీ నుంచి దీనికి 10 చదరపు మిల్లీమీటర్ల తీగ, మధ్యలో ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడే కలిసే 40 ఆంపియర్ల రిలే, రెండు కొసలా 30 ఆంపియర్ల ఫ్యూజులు. ఒక కొసనే ఫ్యూజు పెట్టి వదిలేసేవాళ్లు ఎక్కువ. రెండో కొసనా బ్యాటరీయే ఉందని మర్చిపోతారు.

ప్రశ్న: మళ్లీ గ్యాస్ పొయ్యి పెట్టుకోవచ్చా? – గుణుపురం

పెట్టుకోవచ్చు, పాత చోట మాత్రం వద్దు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేలమీద పరుచుకుంటుంది. ఐదు కిలోల చిన్న సిలిండర్‌కి బయటి నుంచి తెరిచే అర చేయించి, దాని నేలలో అరచేయంత జాలీ రంధ్రం తీయండి. అర లోపలి గోడకి ఎక్కడా సందు ఉండకూడదు. గొట్టం ఐఎస్ఐ గుర్తున్న ఉక్కుతీగల అల్లికది, ఐదేళ్లకి మార్చాలి. అతుకుల మీద సబ్బునురగ పూసి చూడండి, అగ్గిపుల్లతో కాదు. పొయ్యి చుట్టూ ప్లైవుడ్‌కి బదులు సిమెంటు ఫైబర్ బోర్డు, దానిమీద స్టీలు రేకు. కర్టెన్ పొయ్యికి మూరెడు దూరంలోపు ఉండకూడదు. వండుతున్నంతసేపూ కిటికీ తెరిచే ఉండాలి. ఆర్పే పొడి సిలిండర్ పొయ్యి పక్కన కాదు, తలుపు దగ్గర. పొయ్యి మండుతుంటే దాని మీదుగా చెయ్యి చాపలేరు.

ప్రశ్న: బండి శ్రీకాకుళం నంబరుతో ఉంది, మా దగ్గరికొచ్చి రెండేళ్లయింది. కాలిన తర్వాత కాగితాల పని ఏముంటుంది? – కాశీనగర్

ఏడాది దాటి వేరే రాష్ట్రంలో ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. పాత ఆఫీసు నుంచి ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ ఫారం 27. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఫారం 25తో ఐదేళ్లకోసారి పునరుద్ధరణ. ఛాసిస్ నంబరు మసకబారితే మీరే పంచ్ చేయించొద్దు, అది నేరం కిందికి వస్తుంది. ఆర్టీఓ అనుమతితోనే చేయించాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి స్వరూపం మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కాబట్టి ఊడదీయగలిగే మంచం, అరలతో సరిపెట్టుకోండి. కప్పు ఎత్తు పెంచడం లాంటివి తలపెట్టకండి. రిపేరు మొదలెట్టకముందే ఫొటోలు తీసి, ఇన్సూరెన్సు ఉంటే కంపెనీకి తెలియజేయండి. ఊడదీశాక చెప్తే సర్వేయరు చూడ్డానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: బాగు చేయించాక తప్తపాణి ఘాటీలో తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారి తిరుగుతున్నాయి. ఇంతకుముందు ఇలా లేదు. – మోహన

మెటాడోర్‌కి ఇంజిన్ బలం ముందు చక్రాలకే పోతుంది. కొత్తగా కట్టించినప్పుడు నీళ్ల ట్యాంకు, బ్యాటరీ వెనక తలుపు దగ్గర పెట్టించారేమో చూడండి. ఎక్కుడులో బరువు ఎలాగూ వెనక్కి జరుగుతుంది. దానికి తోడు అరవై లీటర్ల నీళ్లు, అంటే అరవై కిలోలు, వెనక ఇరుసు దాటి వేలాడితే ముందు చక్రాలు తేలికవుతాయి. ట్యాంకుని, బ్యాటరీని ముందు సీట్ల వెనక్కి జరపండి. వెనక అరల్లో దుప్పట్లు, బట్టలు ఉంచండి. ఆ తర్వాత ధర్మకాటా (లారీలు తూచే వేబ్రిడ్జి) దగ్గర ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూకం వేయించి రెండు అంకెలూ రాసుకోండి. ముందు ఇరుసు మీద సగానికన్నా తక్కువ పడుతుంటే ఇంకా జరపాల్సింది ఉంది. ఘాటీ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. కొత్త బ్రేకు లైనింగులు డ్రమ్ముకి సర్దుకునేదాకా గట్టిగా పట్టవు కాబట్టి మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు మైదానంలోనే తిప్పి, బ్రేకులు మళ్లీ సరిచేయించాకే కొండెక్కండి.