జడత్వం బలం కాదని పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. బస్సుకు హఠాత్తుగా బ్రేకు వేస్తే నిలబడిన ప్రయాణికులు ముందుకు ఎందుకు తూలుతారని అడిగితే, జడత్వమంటే వస్తువు తన స్థితిలో మార్పును నిరోధించే స్వభావమన్న నిర్వచనాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పగల పిల్లలు కూడా ‘జడత్వ బలం నెడుతుంది’ అని రాస్తున్నారు. దీన్ని ఎలా సరిదిద్దాలి? జడత్వానికీ బరువుకూ ఉన్న తేడాను ప్రయోగంతో చూపవచ్చునా?

జవాబు: కదిలే వస్తువును ఏదో ఒకటి నెడుతూనే ఉండాలన్న నమ్మకమే ఆ సమాధానానికి మూలం. అరిస్టాటిల్ అనంతరం శతాబ్దాల తరబడి పండితులు సైతం అలాగే భావించారు కనుక, నిర్వచనాన్ని మళ్లీ వల్లె వేయించినంత మాత్రాన అది తొలగిపోదు. ‘ముందుకు నెట్టిన వస్తువు ఏది?’ అని అడగండి. ప్రతి బలానికీ దాన్ని ప్రయోగించే వస్తువు ఉండి తీరాలి, ఇక్కడ అటువంటిది కనిపించదు. బస్సు నేల ఘర్షణ ద్వారా పాదాలను వెనుకకు లాగి నెమ్మదింపజేస్తుండగా, ఆ బలం వెంటనే అందని పైశరీరం పాత వేగంతోనే సాగుతుంది. రోడ్డు పక్కన నిలబడి చూసేవారి దృష్టితో బొమ్మ గీయించి, బలాలను బాణాలతో గుర్తించమనండి. బస్సులోని వారి దృష్టితో లెక్కించేటప్పుడు వాడే మిథ్యా బలాన్ని (ఏ వస్తువూ ప్రయోగించకున్నా లెక్క కోసం ఊహించుకునే బలాన్ని) పై తరగతులకు వదలడమే మేలని నా అభిప్రాయం.

బరువుతో తేడా చూపడానికి హాక్సా బ్లేడు చాలు. పళ్లకు టేపు చుట్టి, వెడల్పు భాగం నిలువుగా ఉండేలా ఒక చివరను బల్ల అంచుకు క్లాంపుతో బిగించి, రెండో చివర తూకపు రాయిని కదలకుండా కట్టి, బ్లేడును పక్కకు లాగి వదిలితే అది క్షితిజ సమాంతరంగా ఊగుతుంది. ఇరవై డోలనాలకు పట్టిన కాలాన్ని కొలిచి, ఒక్క డోలనానికి లెక్కగట్టించండి. బ్లేడు ద్రవ్యరాశి కట్టిన రాయితో పోలిస్తే స్వల్పమైతే, రాయి ద్రవ్యరాశి 4 రెట్లయినప్పుడు ఆవర్తన కాలం (ఒక్క డోలనానికి పట్టే కాలం) దాదాపు 2 రెట్లవుతుంది. ఈ కదలికలో గురుత్వాకర్షణకు చెప్పుకోదగ్గ పాత్ర లేదు, మార్పును నిరోధించేది ద్రవ్యరాశే. త్రాసు పనిచేయని కక్ష్యలో, 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లోని వ్యోమగాములు తమ శరీర ద్రవ్యరాశిని స్ప్రింగులతో ఊగే కుర్చీలో కూర్చుని కొలుచుకున్నది ఈ సూత్రంతోనే.

తెలిసిన ద్రవ్యరాశులతో గ్రాఫు గీయించిన తర్వాత, తూచని రాయినొకటి కట్టించి, దాని ద్రవ్యరాశిని గ్రాఫు నుంచి చదివించి, ఆపైన మాత్రమే త్రాసులో వేయించండి.