బుడగల మాట నమ్మకు

బిడ్డా,

నీళ్ల ప్రయోగం కోసం ఫ్రాన్స్‌లోని బోర్డోకు పోయి, లోపలున్న వాళ్లకు కాసేపు తమ బరువు తెలియకుండా ఎగిరే విమానం ఎక్కుతున్నావని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి హన్మకొండలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను.

పొద్దున తక్కువ తిను. వాంతుల మందు ఇస్తే వద్దనకు. ఇక అసలు సంగతి.

నాకు పదహారేళ్లప్పుడు నర్సంపేట పొలంలో అమ్మ ఇత్తడి బిందె మోటబావిలో పడింది. పాతాళగరిగె తెస్తా, ఆగరా అని అమ్మ అంటున్నా వినకుండా దూకాను. అడుగున బురద లేచి కళ్లు కనిపించలేదు. పైకి ఎటో తెలియలేదు. ఇదే పైకి అనుకుని రెండు బారలు వేస్తే తల రాతికట్టుకు కొట్టుకుంది. టెన్షన్‌లో నోట్లో గాలి వదిలేశాను. ఆ బుడగలు చెంప మీదుగా చెవి వైపు పాకాయి. అంటే నేను పక్కకు ఒరిగి ఉన్నాను! వాటి వెంటే పోయి బతికాను. అమ్మ కొట్టలేదు, నా తల తుడుస్తూ ఏడ్చింది.

నీ నడుముకు సొరకాయ బుర్ర కట్టి అదే బావిలో దించినప్పుడు నీకు మొదట నేర్పింది అదే: దిక్కు తెలియకపోతే బుడగల వెంట పో. అక్కడ ఆ మాట మరిచిపో. నీళ్లకు బరువు తెలిస్తేనే అడుగునున్న నీళ్లు గట్టిగా పైకి నెడతాయి. అది లేకపోతే బుడగ ఉన్నచోటే ఉంటుంది, బుర్ర తేలదు. పెద్ద నీటిముద్దలో ఈదొచ్చా అని అడిగావు కదా. ఈదొచ్చు, నీళ్లను వెనక్కి తోస్తే ముందుకు పోతావు. చేతులు ఆపితే మాత్రం నిన్ను పైకి తేల్చేదేమీ ఉండదు. గాలిలో ఎన్ని బారలు వేసినా అంత పట్టు దొరకదు.

నా భయం ముఖం గురించి. అక్కడ నీళ్లు కారిపోవు, నీళ్ల పైపొరను బిగపట్టి ఉంచే తలతన్యతతో చర్మానికి అతుక్కుంటాయి. 2013 జూలై 16న ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో అంతరిక్ష కేంద్రం బయట పని చేస్తుంటే హెల్మెట్‌లోకి లీటరుకు పైగా నీళ్లు చేరాయి. అవి కళ్లు, ముక్కు కమ్మేస్తే, తనను కట్టి ఉంచిన తాడు లాగే వైపును బట్టి వెనక్కి వచ్చాడు. ఆయనకు తాడు చెప్పింది, నాకు బుడగ చెప్పింది.

మీకు బరువు తెలియనిది ఒక్కోసారి 22 సెకన్లే, నీళ్లు కూడా పెట్టెలోనే అంటావు. పెట్టెలు కారుతాయి, బిడ్డా. ముఖానికి నీళ్లంటితే ఊపిరి పీల్చకు, విదిలించకు, తువ్వాలు అద్దు. మీ బాపుతో నూలుది పంపుతున్నాను. బావి దగ్గర నీ తల తుడిచిందే, మెత్తగా ఉంటుంది.

నీ పెద్దబాపు