ప్లాంటేషన్ కుటుంబాల పాత కాగితాలా? ముందు లెక్కల పుస్తకాలు తీయండి

19వ శతాబ్దంలో బానిసలతో పెద్ద పెద్ద పొలాలు (ప్లాంటేషన్లు) సాగు చేయించిన కుటుంబాల ఉత్తరాలు, లెక్కలు అమెరికాలోని నార్త్ కరోలినాలో మనలాంటి మామూలు వాళ్లకి చూపిస్తారా, చూస్తే ఏం అర్థమవుతుంది అని అడిగారు. చూపిస్తారండీ. నేనుండేది క్యారీలో. చాపెల్ హిల్‌లో యూనివర్సిటీ వాళ్ల విల్సన్ లైబ్రరీకి వెళ్లి కామెరాన్ కుటుంబం కాగితాలు చూశాను. ప్రొఫెసర్ అయి ఉండక్కర్లేదు. బ్యాగు, పెన్ను బయటే వదిలి పెన్సిల్‌తో కూర్చోవాలి, అంతే. ఏ పెట్టెలో ఏముందో చెప్పే జాబితా ఆన్‌లైన్‌లో ఉంటుంది. ఇంట్లోనే చదువుకుని వెళ్లండి, లేకపోతే పెట్టెలు తెరవడంతోనే పొద్దుపోతుంది.

డర్హమ్ దగ్గరి స్టాగ్‌విల్ ప్లాంటేషన్ అప్పట్లో ఈ కుటుంబానిదే. 1860 నాటికి వీళ్లకి దాదాపు 30 వేల ఎకరాలు, 900 మంది దాకా బానిసలు.

అందరూ ముందు ఉత్తరాల మీద పడతారు. ఆసక్తిగానే ఉంటాయి, కాదనను. కానీ రాసింది యజమానులు. వాళ్ల పెళ్లిళ్లు, జబ్బులు, పంట బాధలే ఎక్కువ. బానిసలకి చదువు నేర్పడాన్ని ఆ రాష్ట్రం 1830లో చట్టం పెట్టి మరీ నిషేధించింది, ఇక వాళ్ల ఉత్తరాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? 1850, 1860 జనాభా లెక్కల్లో కూడా యజమాని పేరు కింద బానిసల వయసు, ఆడా మగా, రంగు రాసి వదిలేశారు. దాదాపు ఎవరికీ పేరు లేదు.

పేర్లు దొరికేది లెక్కల్లోనే. ఎవరికి ఎంత గుడ్డ ఇచ్చారు, ఏ తల్లికి ఏ బిడ్డ ఎప్పుడు పుట్టింది అన్న జాబితాల్లో. యజమాని రాసుకున్నది ఖర్చు, ఆస్తి తెలియడానికే. ఇవాళ ఆ మనుషుల మునిమనవలకి తమ వాళ్ల ఆనవాలు దొరికేది వాటిలోనే.

ఒక పేరు ఏదో ఒక ఏడాది దగ్గర ఆగిపోతే చనిపోయారని అప్పుడే తేల్చేయకండి. 1844లో ఈ కుటుంబానికే చెందిన పాల్ కామెరాన్ వందమందికి పైగా బానిసల్ని అలబామాలో కొత్తగా కొన్న భూమికి తరలించాడు. అలాంటప్పుడు ఆ ఏడాది ఉత్తరాలు తీయాలి. ఉత్తరాల అసలు ఉపయోగం అక్కడే.

చేతిరాత మొదట్లో టెన్షన్ పెడుతుంది. అప్పట్లో 1845 దాకా ఎన్ని కాగితాలైతే అంత తపాలా ఖర్చు, అందుకని కొందరు రాసిన పేజీ మీదే అడ్డంగా మళ్లీ రాసేవారు. అవి తర్వాతకి ఉంచుకోండి. లెక్కలు నయం. మన పాత కొట్లలో చిట్టా, ఆవర్జా ఉన్నట్టే వీళ్లకీ రోజువారీ పుస్తకం వేరు, ఖాతాల పుస్తకం వేరు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఒకదాంట్లో అర్థం కాని పేరు రెండోదాంట్లో చాలాసార్లు తేలుతుంది. ఫోటో తీసిన ప్రతిసారీ పెట్టె నంబరు, ఫోల్డర్ నంబరు కూడా రాసుకోండి. ఆ నంబర్లు లేని ఫోటో ఎంత బాగున్నా రేపు ఎవరికీ ఆధారంగా చూపించలేరు.