ముక్తినాథ్ యాత్రకు ఎవరు ఏ కార్డు పట్టుకెళ్ళాలి: మేనకోడలికి మామయ్య లేఖ

తిరుపతి

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీరు ఇంటిల్లిపాదీ ముక్తినాథ్ యాత్ర తలపెట్టారని మీ అమ్మ ఫోనులో చెప్పగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. 108 దివ్యదేశాలలో మన తిరుమల ఒకటైతే, నేపాల్‌లో గండకీ తీరాన ఉన్న ఆ సాలగ్రామ క్షేత్రం మరొకటి. ఏడుకొండల పాదాల దగ్గర పుట్టి పెరిగినవాళ్ళకు అక్కడికి కూడా వెళ్ళి రావాలన్న కోరిక సహజమే. అయితే "అందరికీ ఆధార్ కార్డులు ఉన్నాయి కదా మామయ్యా, అవి చాలవా?" అని నీవు అడిగిన మాట నన్ను కొంచెం కలవరపెట్టింది. చాలవమ్మా. ఎందుకు చాలవో, మీ ఇంట్లో ఎవరికి ఏది సరిపోతుందో, యాత్రికుల బృందాలతో నాలుగుసార్లు నేపాల్ వెళ్ళివచ్చినవాడిగా వివరంగా రాస్తున్నాను. ఈ ఉత్తరాన్ని అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

మన ఊళ్ళో ఆధార్ లేనిదే అడుగు ముందుకు పడదు. శ్రీనివాసంలోనో, విష్ణునివాసంలోనో, భూదేవి కాంప్లెక్సులోనో సర్వదర్శనం టోకెను తీసుకోవాలన్నా, కొండ మీద గది కావాలన్నా మొదట అడిగేది ఆ కార్డునే. అలా అలవాటు పడిన మనకు, అదొక్కటి జేబులో ఉంటే ఎక్కడికైనా వెళ్ళవచ్చుననిపించడంలో వింత లేదు. కానీ టోకెన్ల కౌంటరులో ఉన్నవారికి నీవెవరో తెలిస్తే చాలు. సరిహద్దులో ఉన్నవారికి నీవు ఏ దేశ పౌరురాలివో తెలియాలి. ఆధార్ సంఖ్య పౌరసత్వానికి రుజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టమే తన 9వ సెక్షనులో స్పష్టంగా చెబుతోంది. మన దేశంలో నివాసముంటున్న విదేశీయులు సైతం దానిని పొందవచ్చు. ఓటరు కార్డు సంగతి వేరు. రాజ్యాంగం 326వ అధికరణం ఓటు హక్కును పౌరులకే ఇచ్చింది కనుక, ఎన్నికల సంఘం ఇచ్చే ఆ కార్డుకు నేపాల్ దారిలో పాస్‌పోర్టుతో సమానమైన విలువ ఉన్నది.

1950 జూలై 31న రెండు దేశాల మధ్య కుదిరిన శాంతి, మైత్రి ఒప్పందం వల్ల భారతీయులకు నేపాల్ వెళ్ళడానికి వీసా అవసరం లేదు. పెద్దవాళ్ళు పాస్‌పోర్టు గానీ, ఓటరు కార్డు గానీ చూపిస్తే సరిపోతుంది. పదిహేనేళ్ళ లోపు పిల్లలకూ, అరవై అయిదు దాటిన పెద్దలకూ మాత్రం వయసు, గుర్తింపు తెలిపే ఫోటో కార్డు ఏదైనా చాలునని సడలింపు ఇచ్చారు. 2019 నుంచి వాళ్ళ విషయంలో అలా చెల్లే కార్డులలో ఆధార్ కూడా చేరింది. ఈ సడలింపు గురించి విని చాలామంది అది అందరికీ వర్తిస్తుందనుకుని పొరపడుతున్నారు.

ఆ పొరపాటు ఎంత దూరం తీసుకుపోతుందో నేను కళ్ళారా చూశాను. 2016లో నాతో వచ్చిన మిత్రుడికి అప్పటికి అరవై ఒకటి. ఆధార్, పాన్ కార్డు రెండూ జిప్పు సంచిలో భద్రంగా పెట్టుకుని, ఓటరు కార్డును బీరువాలో వదిలి వచ్చారు. గోరఖ్‌పూర్ నుంచి బస్సులో సరిహద్దు ఊరైన సోనౌలీ చేరి, ఆ పెద్ద ద్వారం కింద జనంతో కలిసి నడిచి అవతలికి వెళ్ళిపోయాము. మమ్మల్ని ఆపి ఏ కాగితమూ అడిగినవారు లేరు. అడగలేదు కనుక అవసరం లేదనుకున్నాము. తిరుగు ప్రయాణానికి ఖాట్మండు నుంచి విమానం టికెట్లు తీసుకున్నాము. అక్కడ విమాన సంస్థ కౌంటరులోని అమ్మాయి ఆయన ఆధార్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, వెనక్కి జరిపి, "ఓటరు కార్డు ఇవ్వండి" అన్నది. పాన్ కార్డు చూపించారు. తల అడ్డంగా ఊపింది. వెనుక వరుసలో ఉన్నవాళ్ళు మమ్మల్ని దాటుకుని ముందుకు వెళుతుంటే ఆ పెద్దమనిషి ముఖం పాలిపోయిన తీరు నాకు ఇప్పటికీ గుర్తే. టికెట్టు డబ్బు వదులుకుని ఆయన మళ్ళీ రోడ్డు దారిన సోనౌలీ మీదుగా రావలసి వచ్చింది. ఒంటరిగా పంపలేక నేనూ ఆయనతోనే వచ్చాను. అందుచేత పోయేటప్పుడు ఏ దారిలో పోతున్నాము అన్నదానిని బట్టి కాక, వచ్చేటప్పుడు ఏ దారిలో రావలసి వస్తుందో ఆలోచించి కార్డు ఎంచుకోవాలి. రోడ్డు మీద కొండచరియలు విరిగిపడినా, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా అప్పటికప్పుడు విమానం ఎక్కవలసి రావచ్చు.

ఇక మీ ఇంటి విషయానికి వద్దాము. మీ అత్తగారికి డెబ్బై నిండాయి కనుక ఆధార్ సరిపోతుంది. ఆమె కోసం ఇప్పుడు కొత్తగా పాస్‌పోర్టు చేయించి వేలిముద్రల కోసం గంటల తరబడి కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. మీ మామగారికి మాత్రం అరవై మూడే. కుటుంబంలో పెద్దవారు ఒకరి దగ్గర పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉంటే, కలిసి ప్రయాణించే మిగతావాళ్ళు బంధుత్వం తెలిపే రేషన్ కార్డు వంటివి చూపవచ్చునన్న వెసులుబాటు కూడా ఉన్నది గానీ, దాని మీద ఆధారపడి బయలుదేరవద్దని నా గట్టి సలహా. కౌంటరులో ఉన్నవారికి ఆ నియమాన్ని మనం వివరించి ఒప్పించవలసిన పరిస్థితి రాకూడదు. ఆయన తన ఓటరు కార్డునే తీసుకురావాలి.

ఆ కార్డును మొన్న సంక్రాంతికి చిత్తూరు వచ్చినప్పుడు చూశాను. పాతకాలపు నలుపు తెలుపు ఫోటో. లామినేషన్ ఊడి అంచు దగ్గర తేమ చేరి, గడ్డం నుంచి మెడ దాకా మచ్చగా మారింది. పైగా ఇంగ్లీషులో పేరు రాసినచోట ఇంటిపేరు తప్పుపడి, చివర ఉండవలసిన రెండక్షరాలు ఎగిరిపోయాయి. ఓటు వేయడానికి ఇది అడ్డు కాకపోవచ్చును, అక్కడ మన వీధివాళ్ళే ఏజెంట్లుగా కూర్చుంటారు. విమానాశ్రయంలో టికెట్టు మీది పేరును, కార్డు మీది పేరును అక్షరం అక్షరం పోల్చి చూస్తారు. ఫారం 8 నింపితే పేరు సవరణ, కొత్త ఫోటో, కొత్త కార్డు అన్నీ ఒక్క దరఖాస్తుతో అవుతాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో చేసుకోవచ్చు, లేదా మీ పోలింగ్ బూత్‌కు ఓటర్ల జాబితా చూసే అధికారికి (బీఎల్వోకు) ఇవ్వవచ్చు. కొత్త కార్డు చేతికి వచ్చేదాకా టికెట్లు కొనవద్దు. మన ఇళ్ళలో పేర్ల తంటా ఎప్పుడూ ఉండేదే: ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరంగా, ఒకచోట పూర్తిగా, ఒకచోట ముందు, మరొకచోట వెనుక ఉంటుంది. ఎవరు ఏ కార్డు చూపించబోతున్నారో ముందు నిర్ణయించుకుని, ఆ కార్డు మీద ఉన్నట్టే టికెట్టు రాయించాలి.

అబ్బాయికి పదహారేళ్ళు. అటు పిల్లల సడలింపూ వర్తించదు, ఇటు ఓటరు కార్డూ రాదు. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్యవాళ్ళకు బడి ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం ఒప్పుకుంటారు. అయినా నేను వాడికి పాస్‌పోర్టు చేయించమనే చెబుతాను. రేపో మాపో పై చదువులకు ఎలాగూ కావాలి. ఈ వయసువాళ్ళు పదేళ్ళ కాలపరిమితి కూడా కోరుకోవచ్చు, 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు. పాస్‌పోర్టు సేవా కేంద్రం మన తిరుపతిలోనే ఉన్నది, రాత్రి మా ఇంట్లో ఉండి ఉదయాన్నే వెళ్ళవచ్చు. తొమ్మిదేళ్ళ చిట్టితల్లికి ఆధార్ చాలు, జనన ధ్రువపత్రం కూడా తోడుగా పెట్టు. నీకు ఓటరు కార్డు చక్కగా ఉన్నది. అల్లుడుగారి పాస్‌పోర్టు గడువు మరో నాలుగు నెలలే ఉన్నదన్నావు. నేపాల్‌కు ఓటరు కార్డుతో వెళ్ళవచ్చు గానీ, వీలైతే ఇప్పుడే రెన్యువల్ చేయించుకోమను. శ్రీలంకకో, సింగపూరుకో వెళ్ళాలంటే పాస్‌పోర్టు తప్ప మరొకటి పనికిరాదు, అదీ కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

నాకు అన్నింటికంటే ఎక్కువ ఆందోళనగా ఉన్నది అమెరికా నుంచి వస్తున్న మీ బావగారి అబ్బాయి గురించి. వాడి దగ్గర ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు, ఉన్నది కనుక మనలాగే వెళ్ళవచ్చునని మీరందరూ అనుకుంటున్నట్టున్నారు. ఓసీఐ పౌరసత్వం కాదమ్మా. భారతదేశానికి ఎన్నిసార్లయినా రావడానికి ఇచ్చిన జీవితకాలపు వీసా వంటిది. నేపాల్ దృష్టిలో వాడు అమెరికా పౌరుడే. అమెరికా పాస్‌పోర్టు చూపించి నేపాల్ వీసా తీసుకోవాలి. సరిహద్దులోనే ఇస్తారు, పదిహేను రోజులకు 30 డాలర్లు, డాలర్ల నోట్లే దగ్గర ఉంచుకోండి. సోనౌలీలో మన బస్సు ఆగకుండా పోతుంటే కూర్చుని ఉండిపోవద్దు. వాడిని దించి, ముందు ఇటువైపు భారత ఇమిగ్రేషన్ కార్యాలయంలో బయటికి వెళ్ళినట్టు స్టాంపు వేయించి, తరువాత అటువైపు నేపాల్ కార్యాలయంలో వీసా వేయించాలి. ఇటు స్టాంపు లేకుండా దాటిపోతే తిరిగి వచ్చేటప్పుడు సమాధానం చెప్పుకోలేని ఇబ్బంది అవుతుంది. తిరిగి మన దేశంలోకి రావడానికి పాస్‌పోర్టు, ఓసీఐ రెండూ చేతిలో ఉండాలి; ఓసీఐ కార్డును చిత్తూరులో వదిలిపెట్టి రాకుండా నీవే చూసుకోవాలి.

కార్డుకు ఫోనులో తీసుకున్న ఫోటో గానీ, జిరాక్సు కాపీ గానీ సరిహద్దులో పనికిరావు. అసలు కార్డులే తీసుకువెళ్ళండి. కాపీలను మాత్రం వేరే సంచిలో ఉంచండి. కార్డు గానీ, పాస్‌పోర్టు గానీ పోతే అక్కడి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాగితంతో ఖాట్మండు లైన్‌చౌర్‌లోని భారత రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. అక్కడ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ స్వదేశానికి తిరిగి రావడానికి ఒక్కసారే పనికివస్తుంది. కాపీలు దగ్గర ఉంటే ఆ పని త్వరగా అవుతుంది.

వచ్చే ఆదివారం మీ మామగారిని ఓటరు కార్డు, ఆధార్, రెండు కొత్త ఫోటోలు తీసుకుని మా ఇంటికి రమ్మను. నా కంప్యూటరులోనే ఫారం 8 నింపుదాము. అబ్బాయి పదో తరగతి మార్కుల జాబితా కూడా పంపించు, అదే రోజు వాడి పాస్‌పోర్టు అపాయింట్‌మెంటు తీసుకుంటాను.

ఇట్లు,
మామయ్య